పక్కింటికి పోయిన అక్షరం

ఇంగ్లీషు వాళ్ళ మీద నాకు పెద్దగా కోపం లేదు గానీ వాళ్ళ భాష మీద మాత్రం చాలా ఏళ్ళు పీకలదాకా ఉండేది. పగలంతా ఆఫీసులో ఆ భాషనే టైపు కొట్టి, వేళ్ళు గుంజుతుంటే, సాయంత్రం కాలేజీలో మళ్ళీ దాని ముందే కూర్చోవాలి. రాసేదొకటి, పలికేదొకటి. ఎందుకట్లా అని అడిగితే "అదంతే" అంటారు. నోట్లో పెన్సిలు పెట్టుకుని, ఈ డిగ్రీ ఎప్పుడు ఒడ్డెక్కుతుందా అని గోడ గడియారం చూస్తూ ఉండేదాన్ని.

ఆ రోజు పాఠంలో ఒక పక్షి పేరు వచ్చింది. ఐయస్. డేగ పిల్ల అన్నమాట. ఏ డేగ పిల్లనైనా అలా అనరట. రెక్కలు రాకముందే గూట్లోంచి ఎత్తుకొచ్చి, మనిషి చేతి మీద మేపి, వేట కోసం పెంచుకునే పిల్లనే అంటారట. మా సార్ పాతబస్తీలోనే పుట్టి పెరిగిన బక్కపల్చని మనిషి. పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఉత్సాహం వస్తే ఉర్దూలోకి, మా మొహాలు చూసి జాలి కలిగితే తెలుగులోకి దిగేవాడు. ఈ మాట అసలు రూపం ఇది కాదన్నాడు. ఫ్రెంచి వాళ్ళ దగ్గర అది 'నియే'. దాని వెనక లాటిన్ 'నీడస్', అంటే గూడు. మన సంస్కృతంలో నీడం అన్నా గూడే, రెండూ అన్నదమ్ముల మాటలు, అన్నాడు. గూటిపిల్ల కాబట్టి ఆ పేరు. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని తెచ్చుకుని 'నైయస్' అన్నారు. 'ఎ నైయస్', ఒక గూటిపిల్ల. రెండు మాటలూ గబగబా కలిపి అనీ అనీ, ఎక్కడ విరవాలో వినేవాళ్ళకు తెలియకుండా పోయింది. 'ఎ నైయస్' కాస్తా 'ఆన్ ఐయస్' అయి కూర్చుంది. మన నారింజ పండు కూడా ఆ దేశాలకు పోయే దారిలో ఇట్లాగే 'న' పోగొట్టుకుని ఆరెంజ్ అయిందట.

సార్ బోర్డు మీద రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసి, ఎన్ అక్షరం చుట్టూ సున్నా చుట్టాడు. "దేఖో, ఎన్ పడోస్ కే ఘర్ చలా గయా," అన్నాడు నవ్వుతూ. ఎన్ పక్కింటికి వెళ్ళిపోయిందట.

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్షరం సంగతి నాకెందుకు, మా ఇంట్లోంచి ఒక మనిషే పక్కింటికి పోయింది. ఆ మనిషి కూడా, మాట ఎక్కడ విరవాలో తెలియక, మా అమ్మ పేరు మార్చేసింది.

ఉప్పుగూడ స్టేషన్ వెనక మాది రేకుల ఇల్లు. బాపు రైల్వేలో పాయింట్స్‌మన్. పక్కిల్లు బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాళ్ళది. రెండిళ్ళ మధ్యా నడుమెత్తు గోడ. ఆ ఇంటామెను మేం చిన్నమ్మ అనేవాళ్ళం, ఆయన్ను కాక అనేవాళ్ళం. చుట్టరికమేమీ లేదు. గోడ ఒకటే కాబట్టి పిలుపు అట్లా కుదిరింది. వాళ్ళకు పిల్లలు లేరు. మేమేమో ముగ్గురం, నేను పెద్దదాన్ని, నా వెనక ఇద్దరు తమ్ముళ్ళు.

నాకు తొమ్మిదో పదో ఉన్నప్పుడు అమ్మకు ఇంకో ఆడపిల్ల పుట్టింది. పురిటి మంచం దిగకముందే అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖానలో చాలా రోజులు ఉంది. మనిషి మిగిలేది అనుమానమే అన్నారు. ఇంట్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చిన్నమ్మ వచ్చి ఎత్తుకుని గోడ దాటింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. బర్రెపాలలో నీళ్ళు కలిపి, కాచి, దూది వత్తితో చుక్క చుక్కగా తాగించింది. ఆ పిల్లకు సరిపోను పక్కన పెట్టాకే కాక తన క్యాన్లు నింపుకునేవాడు.

అమ్మ ఎముకలు తేలి ఇంటికొచ్చింది. లేచి తిరిగే ఓపిక వచ్చేసరికి పిల్ల పాకుతోంది. ఒక పొద్దున అమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ వాకిట్లోకి పోయింది. చేతులు చాపింది. పిల్ల చిన్నమ్మ మెడ పట్టుకుని మొహం దాచుకుంది. అమ్మ ఇంకోసారి చాపింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. చిన్నమ్మ ఇవ్వనని అనలేదు. అమ్మ చేతుల్లో పెట్టడానికే వంగింది. వంగినదల్లా అలాగే కూలబడిపోయింది. తల్లీ పిల్లా ఇద్దరూ ఏడుస్తున్నారు. చూడండి, నేను కూడా వాళ్ళనే తల్లీ పిల్లా అంటున్నాను. మా అమ్మ కాసేపు నిలబడి చూసింది.

"ఉంచుకో," అంది. "నువ్వు సాదినవు, నువ్వే సాదుకో."

చిన్నమ్మ అమ్మ పాదాలు పట్టుకుంది. "అక్కా, పెద్దగైనంక దానికి చెప్తవా?"

"చెప్ప. నా పిల్లలు గూడ చెప్పరు."

అట్లా నా నోరు కూడా అమ్మే కట్టేసింది. ఇచ్చేముందు నన్నొక మాట అడిగిందా? ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. బాపు డ్యూటీ నుంచి వచ్చి, సంగతి విని, చొక్కా విప్పకుండా గడప మీద కూర్చున్నాడు. "మంచిగనే చేసినవ్," అన్నాడు. ఆ మంచి ఎవరికో చెప్పలేదు.

మర్నాటి నుంచి చిన్నమ్మ పొద్దున్నే గోడ మీద ఒక చెంబు పాలు పెట్టేది. అమ్మ ఆ చెంబు కడిగి మళ్ళీ గోడ మీదే పెట్టేది. ఆ పాలతో మాకు చాయ్ కాచేది, పెరుగు తోడుపెట్టేది. తాను మాత్రం ఆ పాలు నోట పెట్టగా నేను చూడలేదు. బస్తీ మొత్తానికి సంగతి తెలుసు. మా వాడలో చిన్న చిన్న విషయాలకే పెద్ద లొల్లి అవుతుంది గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం అందరూ నోరు కట్టేసుకున్నారు.

చిన్నమ్మ వాళ్ళు ఆ పిల్లకు మమ్మల్ని అక్క అనీ అన్న అనీ పిలవడం నేర్పారు. పిలుపు వరసకు అది సరైనదే. నేను దాన్ని చెల్లె అని పిలిచినా ఎవరికీ అనుమానం రాదు. అంటే మా ముగ్గురికీ మా నిజమైన పిలుపులే దొరికాయి. దొరకనిది అమ్మకే. అమ్మను "పెద్దమ్మ" అనాలని నేర్పారు.

అది పెద్దమ్మ అనలేదు. మాటలు వస్తున్న రోజుల్లో, ఒక పొద్దున చిన్నమ్మ దాన్ని గోడ మీద నిలబెట్టి పట్టుకుంటే, మా ఇంటి వైపు చూసి "యమ్మా!" అని కేకేసింది.

ఆ మాట ఎక్కడిదో నాకు వెంటనే అర్థమైంది. మేం ముగ్గురం ఆ గోడ దగ్గర రోజంతా వాగుతుండేవాళ్ళం. మాయమ్మ పిలుస్తుంది. మాయమ్మ తంతది. మాయమ్మ జొన్నరొట్టె చేసింది. మా అమ్మ అని విడివిడిగా నోటితో ఎవరంటారు? అది పుస్తకాల్లో రాసుకునే పద్ధతి. మా నోళ్ళలో అది మాయమ్మే. ఆ పిల్ల విన్నదాన్ని తనకు తోచినచోట విరిచింది. 'మా' అంటే ఏమిటో దానికి తెలుసు. మా బర్రె, మా గోడ, మా చెంబు. అది తీసేస్తే మిగిలేది యమ్మ. కాబట్టి ఈ ఇంట్లో ఉండే ఆమె పేరు యమ్మ. తన ఇంట్లో ఉన్నది అమ్మ. తప్పే, కానీ ఎంత సబబైన తప్పో.

పాలకు వచ్చిన ఆడవాళ్ళంతా పడి పడి నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వి, "పెద్దమ్మ అనాలె బిడ్డా," అంది. అమ్మ పొయ్యి దగ్గరుంది. రొట్టెను పెనం మీదే వదిలేసి గోడ దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా?" అంది.

మా వైపు బిడ్డా అని ఎవరినైనా అనొచ్చు. కూరగాయలమ్మే పిల్లనూ అంటారు, బస్సులో పక్కన కూర్చున్న పరాయి అమ్మాయినీ అంటారు. అందుకే ఆ మాట అమ్మకు దక్కింది. ఇచ్చిన మాట తప్పకుండా నోరారా అనగలిగినది అదొక్కటే.

కొన్నాళ్ళకు బస్తీ పిల్లలందరికీ అమ్మ యమ్మ అయిపోయింది. బాపు కూడా ఆటపట్టించడానికి "ఏం యమ్మా, జర చాయ్ దొరుకుతదా?" అనేవాడు. అమ్మ ఆయన మీద కస్సుమనేది. వేరేవాళ్ళు పిలిస్తే చేతిలో పని అయ్యాకే పలికేది. ఆ పిల్ల పిలిస్తే మాత్రం పని ఎక్కడిదక్కడే. బట్టలు పిండుతున్నా, జ్వరంతో ముసుగు పెట్టుకుని పడుకున్నా, బాపు మీద అలిగి ఎవరితోనూ మాట్లాడని రోజైనా సరే, "ఏంది బిడ్డా?" అని వచ్చేది. చాలాసార్లు దానికి ఏ పనీ ఉండేది కాదు. పిలిచి, పలికిందని నవ్వి, పారిపోయేది.

అమ్మకు ఏం కావాలో నాకు తెలిసింది ఆ పిల్ల గోడ మీది నుంచి పడ్డ రోజు. దానికప్పుడు ఆరేడేళ్ళుంటాయి. గోడ మీద నడుస్తూ మా వాకిట్లోకి పడింది. మోకాలు చీరుకుపోయింది. "అమ్మా!" అని అరిచింది. దెబ్బ తగిలితే ఎవరైనా అరిచే అరుపే అది. బియ్యం చెరుగుతున్న మా అమ్మ చాట పారేసి పరుగెత్తింది. అమ్మ అంత తొందరగా కదలగా నేనెప్పుడూ చూడలేదు. దాని ముందు కూర్చుని చేతులు చాపింది. అంతలోనే చిన్నమ్మ పేడ చేతులతో గోడ దాటి వచ్చింది. పిల్ల చిన్నమ్మను చూసి, "అమ్మా" అని ఇంకా గట్టిగా ఏడ్చి, అమ్మ చేతులను దాటుకుని అటు పోయింది. చిన్నమ్మ భుజం మీది నుంచి వెనక్కి చూసి, అంత ఏడుపులోనూ, "యమ్మా, నీ బియ్యం వొలికినయ్," అంది.

అమ్మ మట్టిలోంచి బియ్యం ఎత్తుకుంది. "నన్నే అన్నదనుకున్న," అంది, నా మొహం చూడకుండా.

పిల్ల తిరిగి రావాలని కాదు అమ్మ కోరిక. ఆ 'య' లేకుండా ఒక్కసారి, తన మొహం చూసి పిలిస్తే చాలు. అడగడానికి లేదు. అడిగితే, ఎందుకని అది అడుగుతుంది. నాకు ఒళ్ళు మండేది. "చెప్పెయ్యి, ఏమైతది? మనిషి సచ్చిపోతదా?" అని ఎన్నిసార్లు పోట్లాడానో. అమ్మ ఒకటే అనేది. "ఆరోజు మీ చిన్నమ్మ కూలబడ్డది సూసినవా లేదా?" చూశాను. అందుకే నోరు మూసుకునేదాన్ని.

ఇదంతా ఉంది కాబట్టే సార్ బోర్డు మీద సున్నా చుట్టిన రోజు నాకు నవ్వు రాలేదు. సార్ ఇంకా ఏవేవో చెప్పాడు. గూట్లోంచి తెచ్చి పెంచిన డేగ, పెద్దదై వేట నేర్చినా, మేపిన మనిషిని చూడగానే కూనలాగే అరుస్తుందట. ఫ్రెంచి వాళ్ళు లోకం తెలియని అమాయకుణ్ణి కూడా ఆ 'నియే' అనే మాటతోనే పిలుస్తారట. నేను వింటూనే ఉన్నాను గానీ బస్సెక్కి ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు.

ఆ ఆదివారం అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తుంటే ఈ సంగతి చెప్పాను. చదువుకున్న గొప్ప చూపిస్తూ నేల మీద పుల్లతో గీసి మరీ చెప్పాను. అమ్మకు చదువు రాదు. అయినా మధ్యలో ఆపకుండా అంతా విన్నది.

"గా పిట్టపిల్లను ఎత్తుకచ్చినోళ్ళు దాన్ని మంచిగ సూస్తరా?" అని అడిగింది.

"మంచిగనే సూస్తరంట. చేతి మీద పెట్టుకొని మేపుతరంట."

"మరి గా అచ్చరం మళ్ల వాపస్ రాలేదా?"

"రాలేదు. ఇగ ఆడనే ఉండిపోయింది."

అమ్మ ఇంకో రెండు గింజలు తీసింది. "పోనీ తియ్యి. పక్కింట్లనే ఉన్నది గదా," అంది.

నేను లేచి లోపలికి పోయి, బియ్యం డబ్బా మీద తల పెట్టి ఏడ్చాను.

తర్వాతి ఏడు ఆ పిల్లకు బడిలో సంధులు మొదలైనాయి. ఒక సాయంత్రం తెలుగు వాచకం ఊపుకుంటూ మా ఇంట్లోకి వచ్చింది. మా ప్లస్ అమ్మ, మాయమ్మ, యడాగమం. మధ్యలో 'య' ఎవరిదీ కాదట, రెండు అచ్చులు కొట్టుకోకుండా ఊరికే వచ్చి నిలబడుతుందట. మా కాలంలోనూ అదే ఉదాహరణ. నేనూ బట్టీ పట్టినదే. దానికి మాత్రం అది కొత్త.

"యమ్మా, నీ పేరు యమ్మ గాదంట! పంతులమ్మ చెప్పింది. అసలు అమ్మనంట!" అని పగలబడి నవ్వింది.

అమ్మ కూర తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. "మరి గట్లనే పిలువు," అంది. పిల్ల నోరు తెరిచింది. అంతలోనే సిగ్గుపడి నాలుక కరుచుకుంది.

"ఛీ! అమ్మ మాయింట్ల ఉన్నది గదా," అంది. అని ఎగురుకుంటూ గోడ దాటి వెళ్ళిపోయింది.

పక్కింట్లో ఉండటం కూడా ఎక్కువ కాలం దక్కలేదు. చుట్టూ ఇళ్ళు పెరిగాయి. కొత్తగా వచ్చినవాళ్ళు పేడ వాసనని లొల్లి పెట్టారు. బర్రెలను కట్టేయడానికి చోటు లేక కాక ఇల్లు అమ్మేసి ఊరవతలికి, బస్సు దిగి చాలా దూరం నడవాల్సిన చోటికి మారిపోయాడు. అప్పటికి పిల్ల పొడుగైంది. అమ్మ నుదురే, అమ్మ గడ్డమే. ఇది అద్దం చూసుకోదా అని నాకు విసుగు పుట్టేది. సామాను లారీకి ఎత్తాక అది పైనెక్కి కూర్చుని, "యమ్మా!" అని పిలిచింది. అమ్మ ముందుకు వచ్చి "ఏంది బిడ్డా?" అంది. "ఏం లేదు. ఊకెనే పిలిచిన," అని నవ్వింది. లారీ కదిలింది.

ఇల్లు కొనుక్కున్నవాళ్ళు గోడను మనిషెత్తు లేపించారు. అమ్మ కొన్నాళ్ళు పొద్దున్నే అటు చూసేది. తర్వాత మానేసింది.

బోనాలకు చిన్నమ్మ పిల్లను తీసుకుని వచ్చేది. ఒక పూట ఉండి పోయేవాళ్ళు. అట్లా ఒకటి రెండేళ్ళు గడిచాక అమ్మకు గుండె జబ్బు బయటపడింది. మంచం మీదికి చేరింది. ఇంక లాభం లేదని నాకు అర్థమైన రోజు, పక్కన కూర్చుని అడిగేశాను.

"దాన్ని పిలిపిస్త. చెప్పెయ్యమంటవా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "చెప్పి పిలిపిచ్చుకుంటే అది పిలుపు గాదు బిడ్డా."

"మరి ఊకెనే రమ్మంట. సూసి పోతది."

"రమ్మను," అంది. కళ్ళు మూసుకుని, "యమ్మా అంటది గదా. గది చాలు," అంది.

కాకకు కబురు చేరింది. వాళ్ళు మర్నాడు బయల్దేరి వచ్చారు. అమ్మ ఆ పొద్దున్నే పోయింది.

వాళ్ళు వచ్చేసరికి అమ్మను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉంచాం. ఆ పిల్ల చెప్పులు కూడా విప్పకుండా వాకిలి దగ్గరే నిలబడిపోయింది. బస్తీ ఆడవాళ్ళు జరిగి దారిచ్చారు. అది వచ్చి అమ్మ పక్కన కూలబడి, రెండు చేతులతో అమ్మ గడ్డం పట్టుకుని అరిచింది.

"మాయమ్మా!"

యమ్మా అని కాదు. మాయమ్మా. మేం ముగ్గురమే అనే మాట.

ఏడుస్తున్నవాళ్ళంతా ఒక్కసారి ఆగిపోయారు. మా యమ్మ అన్నదా? తాను పెట్టిన పేరుతోనే, పక్కింటి పెద్దామె కోసం ఏడ్చిందా? లేక బడిలో నేర్చుకున్నట్టు విరిచి, మా అమ్మ అన్నదా? తెలిసి అన్నదా, తెలియకనా? చిన్నమ్మ చెప్పేసిందేమో అని ఆమె వైపు చూశాను. చిన్నమ్మ నా వైపు చూడలేదు. వచ్చి పిల్ల వెనక కూర్చుని దాని భుజాలు పట్టుకుంది. వెనక్కి లాగలేదు. మెల్లగా ముందుకు, అమ్మ మీదికి వంచింది.

ఆ మాటను ఎక్కడ విరవాలో నాకు ఈనాటికీ తెలియదు. చెల్లెను అడగలేదు. అమ్మ ఇచ్చిన మాటలో నా నోరు కూడా ఉంది.

"మాయమ్మా!" అని రెండోసారి పిలిచి, అది అమ్మ మొహం మీదికి వంగి ఆగింది. బదులు కోసం ఆగింది. మాటలు వచ్చినప్పటి నుంచీ ఉన్న అలవాటు కదా. అది పిలిస్తే అమ్మ "ఏంది బిడ్డా" అనకపోవడం అదే మొదటిసారి.